పొగ నోరు ఎటు చూస్తోంది

ఈ జనవరిలో సెలవు మీద పర్లాకిమిడి వచ్చాను. మర్నాడు పొద్దున్నే అమ్మ, "తమ్ముడు కొత్త గీజరు పెట్టించాడురా, తిప్పగానే నీళ్లు కాగుతాయి, వెళ్లి పోసుకో" అంది. స్నానాల గది తలుపు తీశాను. నాలుగడుగుల వెడల్పు గది. గోడకు గ్యాస్ గీజరు, మూలన సిలిండరు. పైనున్న చిన్న కిటికీకి చలిగాలి రాకుండా అట్టముక్క అడ్డం పెట్టారు. నేను స్నానం చేయలేదు. ముందు సిలిండరు కట్టేసి, ఆ అట్ట పీకేశాను.

ఎనిమిదేళ్లుగా నా పని అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా చుట్టుపక్కల ఇళ్లకు వేడినీ చల్లదనాన్నీ ఇచ్చే యంత్రాలు అమర్చడం. బరంపురంలో ఐటీఐ చదివి, పదిహేనేళ్లు ఇక్కడే ఏసీలు బాగుచేసుకుంటూ బతికాను. అక్క పెట్టిన వలస అర్జీ పండేసరికి నలభై దగ్గరపడ్డాయి. అక్కడ తెలుగువాళ్లు కలిస్తే "మీది ఏ జిల్లా?" అంటారు. ఒడిశాలో గజపతి జిల్లా అంటే, "మరి ఇంత చక్కటి తెలుగు ఎలా వచ్చింది?" అని అడుగుతారు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా ఊరు అందులోకి వెళ్లిందని, పాతపట్నం పక్కనే ఉందని చెబుతాను. గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు అంటే మాత్రం చాలామంది గుర్తుపడతారు.

అక్కడ నాకు పూర్తిగా కొత్తగా అనిపించింది ప్యాకేజీ యూనిట్. మన స్ప్లిట్ ఏసీ సగం లోపల, సగం బయట ఉంటుంది. ఇదేమో అంతా ఒకే పెట్టె, ఆ పెట్టె ఆరుబయటే ఉండాలి. ఎండాకాలానికి కంప్రెసరు, చలికాలానికి గ్యాస్ బర్నర్లు, మంట వేడిని గాలికి అందించే లోహపు గొట్టాలు, ఆ గాలిని నెట్టే పెద్ద ఫ్యాను, అన్నీ అందులోనే. రెండు వెడల్పాటి డక్టులు గోడ గుండా ఇంటి కిందికి వెళతాయి. ఒకటి ఇంట్లోకి గాలి నెడుతుంది, రెండోది ఇంట్లోని గాలిని వెనక్కి లాగుతుంది. పొడుగాటి చిమ్నీ ఏదీ ఉండదు. మండిన గ్యాసు పొగ పెట్టె పక్కనున్న చిన్న జాలీలోంచే బయటికి వస్తుంది. దాన్ని నేను పొగ నోరు అంటాను.

పొగ అన్నానే గాని అది కంటికి కనిపించదు. మంట సరిగా మండకపోతే అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. వంటగ్యాసులో వాసన కలుపుతారు కాబట్టి కారితే తెలుస్తుంది. ఈ విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. నెత్తురులోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మెలకువగా ఉన్నవాళ్లకు తలనొప్పి, కళ్లు తిరగడం వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్లకు అదీ తెలియదు. అందుకే ఈ పనిలో మొదటి ప్రశ్న యంత్రం ఎక్కడ పడుతుందనేది కాదు, దాని పొగ నోరు ఎటు చూస్తుందనేది.

నా మొదటి చలికాలంలో ఒక పెద్దావిడ ఇంటికి వెళ్లాం. పాత యూనిట్ తీసి కొత్తది పెట్టాలి. కాంక్రీటు దిమ్మె ఉంది, డక్టులు ఉన్నాయి, మధ్యాహ్నానికి అయిపోయే పని. కొత్త పెట్టెను దిమ్మె మీదికి దించబోతుంటే దాని పొగ నోరు పాతదానిలా తోట వైపు లేదు, పడకగది కిటికీ వైపు ఉంది. టేపు పెట్టి కొలిస్తే 2 అడుగుల 7 అంగుళాలు. తెరిచే కిటికీకైనా తలుపుకైనా పక్కకు కనీసం 4 అడుగులు ఉండాలని యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంది. మా మేస్త్రీ మెక్సికో మనిషి, చేయి తిరిగినవాడు. "పాతది ఇరవై ఏళ్లు ఇక్కడే ఉందిగా" అన్నాడు. నేను మాట్లాడకుండా బొమ్మ ఉన్న పేజీ తెరిచి చూపించాను. ఆయన ఒకసారి చూసి, ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్లి కిటికీ ఎప్పుడైనా తెరుస్తారా అని అడిగాడు. రాత్రిళ్లు రెండు వేళ్ల సందు తెరిచే పడుకుంటానంది ఆవిడ. ఇక మారుమాట లేదు. అవతల కొత్తగా మట్టి తవ్వాం, డక్టు పొడిగించాం. చీకటి పడింది. ఆ రోజు నుంచి మోడల్ పాతదే అయినా పుస్తకం చదవకుండా పెట్టె విప్పను. 2025 నుంచి కొత్త యూనిట్లలో చల్లదనానికి వాడే పాత వాయువు ఆర్-410ఏ బదులు కొద్దిగా మండే గుణమున్న వాయువులు వస్తున్నాయి, కాబట్టి చదవాల్సింది ఇంకా పెరిగింది.

దిమ్మె సంగతి మన మేస్త్రీలకు తెలియనిది కాదు. నేల గట్టిపరచి, కంకర పరచి, రసమట్టంతో సరిచూడాలి. వాన నీరు నిలవకుండా నేల కన్నా ఎత్తుగా ఉండాలి. ఇంటి పునాదికి ఆనించకూడదు, ఆనిస్తే కంప్రెసర్ అదురు గోడల్లోకి పాకుతుంది. చూరు నీళ్లు పెట్టె మీద పడకూడదు. తలుపు తీసి బాగుచేసే వైపు 3 అడుగులు ఖాళీ వదలాలి. పొగ నోటికి అడ్డంగా పొదలు పెంచవద్దని ఇంటివాళ్లకు మరీ మరీ చెప్పాలి.

గ్యాసు గొట్టం దగ్గర తొందర పనికిరాదు. పెట్టె బయట చేతికందేలా ఒక కవాటం, ఆ తర్వాత కిందికి కనీసం 3 అంగుళాల తోక ముక్క ఉండాలి. గొట్టంలోని చెత్త, తడి అందులో దిగుతాయి, లోపలి గ్యాస్ వాల్వులోకి పోవు. గట్టి ఒత్తిడితో గొట్టాన్ని పరీక్షించేటప్పుడు యూనిట్‌ను విడదీయాలి, లేదంటే ఆ వాల్వు పాడవుతుంది. చివరికి ప్రతి కీలు మీదా సబ్బు నురుగు రాసి, కళ్లు దగ్గర పెట్టి చూడాలి. ఒకసారి ఆవగింజంత బుడగ ఒకటి మెల్లగా ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బింది. చేతికి గాలి తగల్లేదు, ముక్కుకు వాసన రాలేదు. ఆ కీలు విప్పి మళ్లీ బిగించాం.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది గాలిని వెనక్కి లాగే డక్టు. దానికి పెట్టె దగ్గర చిన్న సందున్నా చాలు, ఫ్యాను ఆ సందులోంచి బయటి గాలిని లాగుతుంది. పక్కనే పొగ నోరు ఉంటే పొగనీ లాగి, నేరుగా పడకగదుల్లోకి పంచుతుంది. కిటికీలన్నీ మూసి ఉన్నా లాభం లేదు. ఆ అతుకులకు పూత నేనే పూస్తాను, ఇంకొకరికి వదలను.

ఇదంతా తమ్ముడికి చెబుతూ కూర్చున్నాను. "అందరూ లోపలే పెట్టుకుంటున్నారు కదా అన్నయ్యా" అన్నాడు. అక్కడ పెరట్లో ఉన్న యంత్రానికే నాలుగడుగులు కొలుస్తాం, ఇక్కడ పొయ్యిని స్నానాల గదిలో పెట్టి తలుపు గడియ వేసుకుంటున్నాం అన్నాను. వాడు కాసేపు పలకలేదు. తర్వాత ప్లంబరుకు తనే ఫోను చేశాడు.

గీజరును పెరటి గోడకు మార్చాం. కిటికీ నుంచి 4 అడుగులు కొలిచి సుద్దతో గీత గీశాను. గొట్టం పొడవెక్కుతుందని ప్లంబరు ఒడియాలో గొణిగాడు, నేనూ ఒడియాలోనే బతిమాలాను. వంటగ్యాసు గాలి కన్నా బరువు, కారితే పల్లానికే దిగుతుంది. అందుకని సిలిండరును తూముకు దూరంగా ఎత్తు గట్టు మీద నిలబెట్టాం. కోతులు చేయి పెట్టకుండా తమ్ముడు ఇనుప వల చుట్టించాడు. వేడినీళ్లు రావడానికి ఇప్పుడు కొంచెం ఆలస్యమవుతోందని అమ్మ అంటోంది.

పని చూడటానికి వచ్చిన పక్కింటి పిన్ని గారు వాళ్ల గీజరూ లోపలే ఉందన్నారు. టేపు జేబులో వేసుకుని ఆవిడ వెంట వెళ్లాను.