కావలి నుంచి పడంగ్ బెసార్ దాకా

రైల్లోనే దేశం సరిహద్దు దాటాలని నాకు ఎన్నాళ్లుగానో ఆశ. మన వైపు ఆ దారుల్లో ముఖ్యమైనవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. పాకిస్తాన్ వెళ్లే సంఝౌతా 2019లో, ఢాకా వెళ్లే మైత్రీ 2024లో ఆగిపోయాయి. అందుకని మద్రాసులో విమానమెక్కి బ్యాంకాక్ చేరి, అక్కడి నుంచి రైల్లో మలేషియాలోకి దిగి, కౌలాలంపూర్ నుంచి తిరిగొచ్చేట్టు ప్లాన్ వేశాం, నేనూ మా బావా. బావ ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు. టైమ్ టేబుల్ చేతికిస్తే ఆయనకు అన్నం కూడా గుర్తుండదు.

సింగపూర్ దాకా పోదామన్నాడు. "దానికి వీసా కావాలి బావా, ఆ డబ్బుతో మలేషియాలోని పెనాంగ్ దీవిలో ఇంకో పూట ఉండొచ్చు" అంటే సరేనన్నాడు. మేం వెళ్లినప్పుడు థాయిలాండ్‌కీ మలేషియాకీ మనకు వీసా అక్కర్లేదు. మలేషియాకు అరైవల్ కార్డు మాత్రం ఆన్‌లైన్‌లో, చేరడానికి ముందు మూడు రోజుల్లోపు నింపాలి. దానికి డబ్బు కట్టక్కర్లేదు.

కావలిలో పినాకిని ఎక్కి సెంట్రల్‌లో దిగాం. అక్కడి నుంచి మెట్రో నేరుగా ఎయిర్‌పోర్టుకే పోతుంది, టాక్సీ ఖర్చు తప్పింది.

బ్యాంకాక్‌లో పెద్ద రైళ్లు ఇప్పుడు పాత హువా లాంఫోంగ్ నుంచి కాదు, క్రుంగ్ తేప్ అఫివత్ స్టేషన్ నుంచి బయల్దేరతాయి. మా రైలు నంబరు 45. సాయంత్రం ఎక్కితే పొద్దునకు సరిహద్దు, కాబట్టి ఒక రాత్రి లాడ్జి మిగిలినట్టే. సెకండ్ క్లాస్ ఏసీ బెర్తు వెయ్యి బాత్‌కు అటూ ఇటూ. పైది చవక, కిందది వెడల్పు. చీకటి పడ్డాక అటెండర్ వచ్చి సీట్లు మడిచి, దుప్పట్లు పరిచి, ఒక్కో బెర్తుకూ తెర లాగిపోయాడు. అంత శుభ్రంగా ఉంటుందని నేననుకోలేదు.

తెల్లారి దక్షిణ థాయిలాండ్‌లోని హాట్ యాయ్‌లో రైలును విడదీశారు. ఎక్కువ బోగీలు సుంగై కోలోక్ వైపు, మావి కొన్ని మాత్రం మేం సరిహద్దు దాటాల్సిన పడంగ్ బెసార్ వైపు. బావ ప్లాట్‌ఫాం మీదకు దిగి, ఆ కప్లింగ్ తీసే పని అంతా నిలబడి చూశాడు.

పడంగ్ బెసార్ స్టేషన్ మలేషియా నేల మీదుంది. థాయ్ అధికారులూ మలేషియా అధికారులూ ఒకే స్టేషన్‌లో కూర్చుంటారు. ఒక కౌంటర్‌లో దేశం వదిలి, నాలుగడుగులు వేసి ఇంకో దేశంలో అడుగుపెట్టాం. నాకు గొంతు పూడుకుపోయింది.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. మలేషియా గడియారం థాయిలాండ్ కంటే గంట ముందుంటుంది. కౌలాలంపూర్ వెళ్లే ఈటీఎస్ అనే ఎక్స్‌ప్రెస్ రైలుకు అది చూసుకోకుండా టికెట్ తీస్తే, మన రైలు కాస్త ఆలస్యమైనా డబ్బు పోయినట్టే. మేం అందుకే బటర్‌వర్త్‌కు కొమ్యూటర్ రైలెక్కాం. అది చాలా చవక, ఒకటి పోతే తర్వాతది ఎక్కొచ్చు. బటర్‌వర్త్ స్టేషన్ పక్కనే పెనాంగ్ వెళ్లే ఫెర్రీ. ఈటీఎస్ ఎక్కింది పెనాంగ్ చూసొచ్చాకే.

2024 జులైలో బ్యాంకాక్ నుంచి లావోస్‌లోని వియంటియాన్‌కు నేరుగా రాత్రి రైలు మొదలైంది. బావ కళ్లు ఇప్పుడు దాని మీదున్నాయి. లావోస్‌కు వీసా డబ్బులు కట్టాలి కాబట్టి, ఆ లెక్క కుదిరితేనే టికెట్లు తీస్తాం.