చిన్న కంప్యూటర్‌కు అల్యూమినియం పెట్టె: మూడు వారాల పని

హాల్లో టీవీ వెనక రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతంత కంప్యూటరు ఒకటి రాత్రింబవళ్లు నడుస్తూ ఉంటుంది. ఇంటిల్లిపాది ఫోటోలు, పాటలు అందులోనే. ప్లాస్టిక్ డబ్బాలో ఉన్నంతకాలం విజయవాడ ఎండలకు చిప్పు వేడి 80 డిగ్రీలకు చేరేది. ఆ గీత దగ్గర అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను పెడితే రొద, ఆపైన దుమ్ము. వేడిని డబ్బాయే పీల్చుకునేలా అల్యూమినియంతో చేద్దామని కూర్చున్నాను.

మొదటి వారం

ఆటోనగర్‌లో కిటికీలు చేసే షాపులో మిగులు రేకు తూకానికి ఇచ్చారు. 1.5 మి.మీ. మందం, 300×300 ముక్క, 360 గ్రాములు తూగింది. అడుగుకు ఒకటి, మూతకు ఒకటి, రెండు రేకులను మూడు పలకలుగా వంచి ఒకదానిలో ఒకటి దిగేలా చేయాలని ఆలోచన.

మొదటి వంపులోనే రేకు చిట్లింది. షాపులో ఇచ్చింది గట్టి రకం. దీనికో పాత ఉపాయం ఉంది: వంచాల్సిన గీత మీద బట్టల సబ్బు రుద్ది, రెండో వైపు నుంచి గ్యాసు మంట చూపాలి. సబ్బు నల్లబడగానే మంట తీసేయాలి. ఇనుములాగా ఎర్రబడి హెచ్చరించే లోహం కాదిది, ఏమరుపాటుగా ఉంటే ఉన్నట్టుండి కరిగి జారిపోతుంది. చల్లారాక అదే రేకు అట్టముక్కలా వంగింది.

వంపులో రేకు కొంత సాగుతుంది. లెక్క కోసం 80 మి.మీ. పట్టీని నడిమికి వంచి బయటి కొలత తీస్తే రెండు కాళ్లూ కలిపి 82.6 వచ్చాయి. అంటే వంపుకు 2.6 చొప్పున ముందే తగ్గించుకోవాలి. అడుగు రేకుకు 28, 94, 28 కలిపి 150 కావాలి, రెండు వంపులకు 5.2 పోను దాదాపు 145 కోశాను. వైస్‌లో రెండు ఇనుప యాంగిళ్ల మధ్య బిగించి, చెక్క సుత్తితో ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా కొట్టుకుంటూ పోయాను. మూలమట్టం పెట్టి చూస్తే వెంట్రుకవాసి తేడా. చాలు.

రెండో వారం

బోర్డు 85×56. స్క్రూ రంధ్రాలు అంచుకు 3.5 మి.మీ. లోపల, 58×49 ఎడంలో ఉంటాయి. సెంటర్ పంచ్‌తో గుంట పెట్టి, రేకును రెండు చెక్కల మధ్య బిగించాకే డ్రిల్లు పట్టాను. పలచని రేకు బిట్టుకు చిక్కుకుని గిర్రున తిరిగితే వేళ్లు దక్కవు. బిట్టు మీద రెండు చుక్కల కిరోసిన్ వేస్తే పొట్టు అంటుకోదు. ఆకురాయికి మాత్రం ముందే సుద్దముక్క రుద్దాలి, లేకపోతే పళ్లలో అల్యూమినియం ఇరుక్కుని రేకు మీద గీతలు పడతాయి.

కరెంటు, రెండు హెచ్‌డీఎంఐలు, ఆడియో ఉన్న వైపు రంధ్రాలతో పని లేదు, మూత అంచు నుంచి గాళ్లు కోస్తే సరిపోతుంది. మెమరీ కార్డు వైపు అంచు నుంచి వాటి నడిమి కొలతలు 11.2, 26, 39.5, 54.

ఇక యూఎస్‌బీ గోడ. ఇంట్లో ఉన్న పాత రాస్ప్‌బెర్రీ పై 3 డబ్బాను ఆనించి గీతలు గీసుకున్నాను. రెండు గంటలు ఆకురాయి పట్టి, నున్నగా చేసి, బోర్డు దించితే నెట్‌వర్కు సాకెట్టు ఎదురుగా గోడ ఉంది! పై 4లో నెట్‌వర్కు సాకెట్టు, యూఎస్‌బీలు చోట్లు మార్చుకున్నాయి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ చేశాను. ఉన్న రంధ్రాల మధ్య గోడలు కూడా కోసేసి మూడింటికీ ఒకటే పొడవాటి కిటికీ చేశాను. ఇప్పుడు చూసినవాళ్లు మొదటినుంచీ ఇలాగే చేయాలనుకున్నానేమో అనుకుంటారు.

మూడో వారం

చిప్పు వేడి మూతకు చేరాలంటే మధ్యలో లోహపు దిమ్మ ఉండాలి. ఆ ఎడం ఎంతో లోపల స్కేలు పెట్టి కొలవలేం. చపాతీ పిండి చిన్న ముద్దను పాలిథిన్‌లో చుట్టి, కరెంటు తీసేసిన బోర్డు చిప్పు మీద పెట్టి మూత బిగించాను. తీసి వెర్నియర్‌తో కొలిస్తే 16.4. లేత్ షాపులో 16 మి.మీ. చదరపు కడ్డీ నుంచి 15.6 పొడవు దిమ్మ కోయించి, కింద వేడిని దాటించే మెత్తటి పలక, 1 మి.మీ. థర్మల్ ప్యాడు పెట్టాను. బిగిస్తే ప్యాడు 0.8కి నలిగి రెండు వైపులా గట్టిగా ఆనుకుంది. దిమ్మకూ మూతకూ మధ్య వేడి ఆగకుండా పలచగా థర్మల్ పేస్టు. బోర్డు కింద 5 మి.మీ. ఇత్తడి స్తంభాలు, పిన్నుల ఎదుట మూత లోపల వేడి తట్టుకునే టేపు. కరెంటు ఇచ్చే ముందు మల్టీమీటరుతో షార్టు లేదని రెండుసార్లు చూసుకున్నాను.

గదిలో 34 డిగ్రీలు. నాలుగు కోర్లనూ అరగంట పూర్తిగా నడిపితే చిప్పు 62 దగ్గర నిలిచింది. మూత మీద చేయి పెడితే కాఫీ గ్లాసు పట్టుకున్నట్టుంది.

వైఫై మాత్రం పడిపోయింది. యాంటెన్నా బోర్డు మీదే, మెమరీ కార్డు వైపు మూలన ఉంటుంది. చుట్టూ లోహం కమ్మేస్తే సంకేతం ఎటు పోతుంది? సిగ్నల్ బలం −47 డీబీఎం ఉన్నది −72కి దిగింది. మనసొప్పకపోయినా మూత ఆ మూలన 30×15 కిటికీ కోసి అక్రిలిక్ ముక్క అంటించాను. −56 వచ్చింది. టీవీ వెనకే కాబట్టి చివరికి నెట్‌వర్కు తీగే గుచ్చేశాను. కిటికీ ఊరికే ఉంది.

అడుగున నాలుగు రబ్బరు కాళ్లు ఇంకా అంటించాలి. పాత కుక్కరు గాస్కెట్టు పక్కన పెట్టమని ఇంట్లో చెప్పాను.