శాలిహుండం కొండమీద లేని స్తూపాన్ని ఎలా చూపాలి?

శాలిహుండం కొండమీద మిగిలిన ఇటుక పునాదులపై ఒకప్పటి స్తూపం లేచి నిలబడినట్లు సందర్శకుడికి చూపాలంటే తలకు తగిలించుకొనే ఎలాంటి హెడ్‌సెట్ కావాలని నా దగ్గర ప్రాజెక్టు చేస్తున్న ఇంజనీరింగ్ విద్యార్థులు అడిగారు. వంశధార దక్షిణపు గట్టున, కళింగపట్నానికి దగ్గరలో ఉన్న ఈ బౌద్ధ క్షేత్రాన్ని 1919లో గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు వెలుగులోకి తెచ్చిన సంగతి మన శ్రీకాకుళం జిల్లావారిలో చాలామందికి తెలిసినదే. విద్యార్థుల ప్రశ్న చిన్నదే గాని, జవాబు చెప్పాలంటే అద్దంగుండా లోకాన్ని చూడనిచ్చే హెడ్‌సెట్ ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ముందు తేల్చుకోవాలి. ప్రచార వీడియోలు చూసి ఇది తేలదు. వాటిలో చాలావరకు కెమెరా తీసిన దృశ్యం మీద కంప్యూటర్ అతికించిన బొమ్మలే. అద్దం వెనుకనున్న కంటికి నిజంగా కనబడేది వేరు.

నిజలోకంమీద కంప్యూటర్ బొమ్మను కలిపి చూపడాన్ని ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటారు. దానికి వాడే హెడ్‌సెట్లు రెండు జాతులు. ఒకదానిలో కళ్లముందు పారదర్శకమైన అద్దం ఉంటుంది. నిజమైన లోకం ఆ అద్దంగుండా సూటిగా కంటికి చేరుతుంది, చిన్న ప్రొజెక్టరు నుంచి వచ్చే కాంతి అదే అద్దంద్వారా వచ్చి దానితో కలుస్తుంది. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్, మ్యాజిక్ లీప్ ఈ కోవకు చెందినవి. రెండో జాతిలో కళ్లముందు పూర్తిగా మూసిన తెరలు ఉంటాయి. బయటి కెమెరాలు తీసిన దృశ్యంలోనే కంప్యూటర్ బొమ్మను కలిపి ఆ తెరలమీద చూపుతారు. యాపిల్ విజన్ ప్రో, మెటా క్వెస్ట్ 3 ఇలా పనిచేస్తాయి.

మొదటి జాతి స్వభావాన్ని రాత్రిపూట పలాస వెళ్లే ఆర్టీసీ బస్సు కిటికీ బాగా చెబుతుంది. బస్సులోని దీపమూ, మన ముఖమూ కిటికీ అద్దంలో ప్రతిఫలించి బయటి చీకటి పొలాలమీద తేలుతున్నట్లు కనిపిస్తాయి. తెల్లవారితే అవే ప్రతిబింబాలు ఎండలో కరిగిపోతాయి. 1860లలో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ ఏటవాలు గాజుపలకతో రంగస్థలంమీద దెయ్యాన్ని చూపించినది కూడా ఈ సూత్రంతోనే. నేటి హెడ్‌సెట్లలో గాజుపలకకు బదులు వేవ్‌గైడ్ అనే పలుచని అద్దం వచ్చింది. ప్రొజెక్టరు కాంతి దాని అంచున ప్రవేశించి, లోపలే పదేపదే పరావర్తనం చెందుతూ ప్రయాణించి, కంటికి ఎదురుగా బయటపడుతుంది. పనితనం ఎంత మారినా మౌలికమైన పరిమితి మాత్రం మారలేదు. ఈ అద్దం లోకానికి కాంతిని జోడించగలదు, లోకంనుంచి కాంతిని తీసివేయలేదు.

దీని ఫలితం ఏమిటో కొండమీద మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబడి లెక్క వేసుకోవచ్చు. ఒకచోట పడే వెలుగును లక్స్‌లలోనూ, ఒక వస్తువునుంచి కంటివైపు వచ్చే ప్రకాశాన్ని నిట్లలోనూ కొలుస్తారు. నేరుగా పడే ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. ఎర్ర ఇటుక అందులో నాలుగోవంతు వెనక్కి పంపుతుందనుకుంటే, ఆ ఇటుక ప్రకాశం 8,000 నిట్ల దరిదాపుల్లో ఉంటుంది. మ్యాజిక్ లీప్ 2 గరిష్ఠ ప్రకాశం 2,000 నిట్లని తయారీదారులు ప్రకటించారు. అంటే ఎండ ఇటుకమీద సున్నపు పూత వేసిన తెల్లని స్తూపాన్ని గీస్తే, ఆ తెలుపు వెనుకనున్న ఇటుక వెలుగును కప్పలేక, రెండూ కలిసి లేత ఎరుపు మరకలా కనిపిస్తాయి. అదే బొమ్మను ట్యూబులైటు వెలుగులో, వంద నిట్లకు లోపే ఉండే తరగతి గోడమీద చూస్తే అద్భుతంగా ఉంటుంది. విద్యార్థులు తమ ప్రదర్శనను ఎప్పుడూ గదిలోనే చేసి మురిసిపోవడానికి కారణం ఇదేనని నా అనుమానం.

నలుపు సంగతి ఇంకా చిత్రమైనది. కాంతి లేకపోవడమే నలుపు గనుక, ఇలాంటి హెడ్‌సెట్‌లో నల్లగా గీసినదేదీ కనబడదు. అక్కడ వెనుకనున్న లోకమే కనిపిస్తుంది. అందువల్ల స్తూపానికి నీడ వేయడం కుదరదు. నీడ లేని కట్టడం ఎంత చక్కగా గీసినా నేలకు ఆనినట్లు అనిపించదు, గాలిలో తేలినట్లే ఉంటుంది. దీనికొక తెలివైన ఉపాయం ఉంది. నీడ పడవలసిన చోటును వదిలేసి, దాని చుట్టూ నేలమీద కొద్దిగా వెలుగు చల్లితే, కన్ను ఆ మధ్యభాగాన్ని చీకటిగా భావిస్తుంది. ఎండలో ఈ ఉపాయమూ పనిచేయదు, ఎందుకంటే చల్లవలసిన వెలుగే మన దగ్గర లేదు. మ్యాజిక్ లీప్ 2లో అద్దంలో కొంతభాగాన్ని మాత్రమే నల్లబరిచే పొర ఒకటి పెట్టారు. ఆలోచన సరైనదే గాని, ఆ పొర కంటికి మరీ దగ్గరగా ఉండటంవల్ల అంచులు అలికినట్లు మసకబారుతాయి. స్తూపం శిఖరం చుట్టూ ఆకాశంలో ఒక మబ్బు అంచు ఏర్పడుతుంది.

కాంతి తరువాత పెద్ద చిక్కు స్థానం. 1997లో పరిశోధకుడు రొనాల్డ్ అజుమా ఆగ్మెంటెడ్ రియాలిటీకి చెప్పిన మూడు లక్షణాలలో ఒకటి, కల్పితవస్తువు నిజలోకంలో మూడు కొలతలలోనూ తన చోట కుదురుకొని ఉండటం. 1968లో కంప్యూటర్ శాస్త్రవేత్త ఐవన్ సదర్లాండ్ తయారుచేసిన తొలి హెడ్‌సెట్‌లో తల ఎటు తిరిగిందో తెలుసుకోవడానికి పైకప్పునుంచి వేలాడే యంత్రం ఉండేది. ఇప్పుడు ఆ పని కెమెరాలు, చలనాన్ని కొలిచే సెన్సార్లు కలిసి చేస్తున్నాయి. అయినా కొలిచి, లెక్కగట్టి, బొమ్మ గీసి చూపేసరికి కొంత ఆలస్యం తప్పదు. తల సెకనుకు 100 డిగ్రీల వేగంతో తిరుగుతున్నప్పుడు 20 మిల్లీసెకన్ల ఆలస్యమైతే బొమ్మ 2 డిగ్రీలు వెనుకబడుతుంది. పది మీటర్ల దూరంలోని స్తూపం తన పునాదినుంచి సుమారు 35 సెంటీమీటర్లు జరిగిపోతుందన్నమాట. తల ఎటు తిరగబోతోందో ముందే అంచనా వేసి, గీసిన బొమ్మను చివరి క్షణంలో జరిపి ఈ తేడాను చాలావరకు తగ్గిస్తారు. పారదర్శకమైన అద్దంలో నిజలోకం ఏ ఆలస్యమూ లేకుండా కంటికి చేరుతుంది గనుక మిగిలిన కొద్దిపాటి తేడా కూడా పట్టుబడిపోతుంది. కెమెరా జాతిలో లోకాన్నీ బొమ్మనూ కలిపి ఆలస్యంగా చూపవచ్చు. అప్పుడు రెండింటి పొత్తు చెడదు, కాని శరీరానికీ చూపుకూ పొత్తు చెడి కొందరికి తల తిరుగుతుంది.

హెడ్‌సెట్ ఎక్కడుందో గుర్తుపట్టడానికి కొండమీది ఇటుకల గరుకుతనం కెమెరాలకు మంచి ఆనవాలు. గాలికి ఊగే గడ్డి మాత్రం ఆనవాలుగా పనికిరాదు. ఎవరైనా సందర్శకుడు స్తూపానికి ముందునుంచి నడిచి వెళితే, అతని ఆకారం ఉన్నంతమేర స్తూపాన్ని గీయకుండా వదిలేయాలి. ఇక్కడ నలుపు కనబడకపోవడమే మనకు కలిసివస్తుంది. ఆ మనిషి ఎంత దూరంలో ఉన్నాడో తెలుసుకొనే డెప్త్ కెమెరాలు సాధారణంగా పరారుణ కాంతిని వెదజల్లి కొలుస్తాయి. ఎండలోనే బోలెడంత పరారుణ కాంతి ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం అవి తడబడతాయి.

కన్ను ఫోకస్ చేసుకోవడంలో వచ్చే ఇబ్బంది మన పనికి అంతగా అడ్డు కాదు. హోలోలెన్స్ బొమ్మలు కంటికి రెండు మీటర్ల దూరంలో ఫోకస్ అయ్యేలా ఉంటాయి. దూరపు స్తూపానికి అది చాలు, చేతిలో పట్టుకొని చూసే మట్టిపాత్రను చూపాలంటేనే, రెండు కళ్లూ దగ్గరకు తిరిగినా ఫోకస్ మాత్రం రెండు మీటర్ల దగ్గరే ఉండటంవల్ల అలసిపోతాయి.

కెమెరా జాతి హెడ్‌సెట్ అయితే నీడలూ వస్తాయి, తెల్లని సున్నమూ తెల్లగానే ఉంటుంది. మరి దానినే ఎంచుకోవచ్చు కదా అని పిల్లలు అడిగారు. కుర్చీలో కూర్చొని చూసేటట్లయితే నేనూ అదే అనేవాడిని. ఎత్తుపల్లాల దారిలో, విరిగిన ఇటుకల మధ్య పెద్దవాళ్లు నడిచేచోట కళ్లకు తెరలు కట్టడం నాకు సమ్మతం కాదు. బ్యాటరీ అయిపోయినా, ప్రోగ్రాము ఆగిపోయినా పారదర్శకమైన అద్దంలోంచి కాలికింది రాయి కనిపిస్తూనే ఉంటుంది.

మరో కారణం కూడా ఉంది. పునాదులు మనకు దొరికాయి గాని పైకట్టడం ఎంత ఎత్తుండేదో, శిఖరం ఏ ఆకారంలో ఉండేదో ఊహించవలసినదే. ఆ ఊహను గట్టి గోడలా, నీడతో సహా నిలబెట్టి చూపితే చూసినవారు దానినే చరిత్ర అనుకుంటారు. అద్దంమీద అది సగం పారదర్శకంగా, ఇటుకలగుండా కనిపించేలా ఉంటే ఏది దొరికినదో, ఏది మనం కలిపినదో చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది. సాంకేతికంగా లోపమే అయినా, ఈ పనికి దానినే వాడుకోవాలని నేను సూచించాను.

హోలోలెన్స్ 2 ఉత్పత్తిని మైక్రోసాఫ్ట్ 2024లో ఆపివేసింది గనుక, ఒకే పరికరానికి కట్టుబడకుండా ప్రోగ్రామును వేర్వేరు కంపెనీల హెడ్‌సెట్లకు ఉమ్మడిగా ఉన్న ఓపెన్‌ఎక్స్‌ఆర్ ప్రమాణంలో రాయమన్నాను. ప్రదర్శన వేళను సూర్యోదయానికి ముందుగాని, అస్తమయం తరువాత గాని పెట్టుకొని, స్తూపానికి వెనుక ఆకాశం కాక చెట్ల ముదురు ఆకుపచ్చ ఉండేలా చూసేందుకు నిలబడే చోటును గుర్తించమన్నాను. పురావస్తు శాఖ అనుమతి కోసం దరఖాస్తు రాయడం ఇంకా మిగిలి ఉంది.