నా పోర్షాకి రెండుసార్లు వేలం

పదకొండేళ్లు నడిపిన కారు అమ్మడం నాకు తేలిగ్గా కుదరలేదు. కారు పోర్షా 911, అందులో 996 రకం, 2001 మోడల్, 3.4 లీటర్ల ఇంజిన్, ఆరు గేర్ల మాన్యువల్. నీళ్లతో చల్లబడే ఇంజిన్‌తో వచ్చిన మొదటి తరం 911 ఇదే. అందుకే పాతకాలపు అభిమానులకు దీని మీద కొంచెం చిన్నచూపు. హెడ్‌లైట్లను చూసి నవ్వేవాళ్లూ ఉన్నారు. నాకు మాత్రం ముద్దే.

మామూలుగా ప్రకటన ఇచ్చి అమ్మొచ్చు. కానీ ఇలాంటి కారు విలువ తెలిసిన నలుగురు ఒకచోట చేరేది వేలంలోనే అనిపించింది. పైగా రిజర్వ్ ధర అనే రక్షణ ఉంది కదా అనుకున్నాను. పాట ఆ ధర దాకా రాకపోతే కారు అమ్మక్కర్లేదు, వెనక్కి తెచ్చుకోవచ్చు. సర్కారువారి పాట అంటే అందరికీ వినిపించేలా చెప్పే కనీస ధర. రిజర్వ్ అలా కాదు, అది గుట్టు. అమ్మేవాడికీ వేలం సంస్థకూ తప్ప ఎవరికీ తెలియదు.

అసలు అంకెలు చెప్పను, నేను కలలు కన్న ధరను 100 అనుకుందాం.

ఆ 100 ఎలా వచ్చిందంటే, ఇలాంటి కార్లే గతంలో వేలాల్లో ఎంతకు పోయాయో రెండు వారాలు కూర్చుని రాసుకున్నాను. ఏడాది, గేర్‌బాక్స్, తిరిగిన దూరం, అన్నీ పోల్చాను. టిప్‌ట్రానిక్ ఆటోమేటిక్ కార్లు తక్కువకు పోతాయి కాబట్టి వాటిని తీసేశాను. మిగిలినవాటి సగటు 100 దగ్గర తేలింది. ఎంత శ్రద్ధగా చేశానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

నేను చూడనిది ఒకటే. వేలం సంస్థలు ఫలితాల్లో ప్రకటించే ధరలో చాలాసార్లు కొనేవాడు సంస్థకు అదనంగా కట్టే ప్రీమియం కలిసి ఉంటుంది. రిజర్వ్‌ను పోల్చేది దానితో కాదు, పాట ముగిసి సుత్తి పడినప్పటి ధరతో. నేను కారు పెట్టిన వేలం సంస్థలో ప్రీమియం 10 శాతం. అంటే కాగితం మీద 100 కనిపించిన కారు హాల్లో పోయింది దాదాపు 91కే. అందులోంచి అమ్మేవాడి కమీషన్ 5 శాతం పోతే చేతికొచ్చేది 86 కన్నా కాస్త ఎక్కువ. పాట పాడేవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. జేబులోంచి మొత్తం ఎంత పోవాలో ముందే అనుకుని, ప్రీమియం తీసేసి ఎక్కడ ఆగాలో నిర్ణయించుకునే వస్తారు.

సంస్థ తరఫున కారు చూసినాయన అంచనా 80 నుంచి 90 అన్నాడు. వాళ్ల నియమం ప్రకారం రిజర్వ్ కింది అంచనాను మించకూడదు, అంటే 80. నేను ఒప్పుకోలేదు. క్లచ్ మార్చినప్పుడే ఇంజిన్ లోపలుండే ఐఎంఎస్ బేరింగ్ కూడా మార్పించాను, రసీదులు ఉన్నాయి అని ఫైలు ముందు పెట్టాను. ఈ ఇంజిన్లలో ఆ బేరింగ్ విరిగితే ఇంజినే పోతుంది, కొనేవాళ్లు మొదట అడిగేది దాని గురించే. ఆయన ఫైలు తిరగేసి, "ఇది ఉంటే కొనేవాడికి భయం పోతుందండీ, ధర మాత్రం మీరు ఖర్చుపెట్టినంతా పెరగదు" అన్నాడు. నేను వినలేదు. వాదించి వాదించి అంచనాను 92-100 చేయించి, రిజర్వ్ 92 పెట్టించాను. మా బావమరిది ఆ కాగితం చూసి, "బావా, ఇది రిజర్వ్ కాదు, నీ కోరిక" అన్నాడు. వాడికి కార్ల గురించి ఏమీ తెలియదు.

హాల్లో పాట 60 దగ్గర మొదలైంది. ఇద్దరు చకచకా 80 దాకా తెచ్చారు. అక్కడ ఒకాయన చెయ్యి దించేశాడు. వేలం వేసేవాడు ఎటో చూస్తూ 82 అన్నాడు, మిగిలినాయన 84 అన్నాడు. వెంటనే 86 వినిపించింది. నాకు ఆనందం ఆగలేదు. వెనక ఇంకెవరో ఉన్నారనుకుని తల తిప్పి చూశాను. ఎవరూ లేరు. ఆ 82, 86 రెండూ నా తరఫున వేలం వేసేవాడే పాడినవి. రిజర్వ్ చేరేలోపు అలా పాడే హక్కు తమకుందని ఒప్పందంలోనే రాసి ఉంది, నేను సంతకం పెట్టాను కూడా. 84 అన్నాయన తల అడ్డంగా ఊపాడు. సుత్తి పడింది, కారు అమ్ముడుపోలేదు.

అరగంట తర్వాత ఫోన్. 84కి ఆయన ఇంకా సిద్ధంగానే ఉన్నాడు, ఇస్తారా అని అడిగారు. వేలం తర్వాత ఇలా బేరం కుదర్చడం మామూలే. ససేమిరా అన్నాను. కమీషన్ పోగా చేతికి దాదాపు 80 వచ్చేది. ఆ అంకె గుర్తుంచుకోండి.

తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, అమ్ముడుపోని కారు చరిత్ర కూడా అందరికీ కనిపిస్తుంది. పాట ఎక్కడ ఆగిందో చూసినవాళ్లు మళ్లీ అక్కడి నుంచే బేరం మొదలుపెడతారు. విడిగా అడిగిన ఇద్దరూ 75 దాటలేదు.

ఐదు నెలలాగి ఆన్‌లైన్ వేలంలో పెట్టాను. ఇది ఏడు రోజులు సాగుతుంది. చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళ్తుంది, కాబట్టి ఆఖరి క్షణంలో లాక్కుపోవడం కుదరదు. రిజర్వ్ లేకుండా పెడితే ఎక్కువమంది వస్తారని వాళ్లు చెప్పారు. నిజమే కావచ్చు, నాకు గుండె చాలలేదు. రిజర్వ్ ఉన్న వేలంలో సుత్తి పడేదాకా కారు వెనక్కి తీసుకోవచ్చు. రిజర్వ్ లేదని ప్రకటించాక, పాటలు మొదలయ్యాక ఆ దారి ఉండదు. అమెరికాలో చట్టమే అలా చెబుతుంది. కొనేవాడు మాత్రం అప్పటికీ సుత్తి పడేలోపు తన పాట వెనక్కి తీసుకోవచ్చు. ఇదేం న్యాయమో మరి.

ఈసారి రిజర్వ్ ఎంత పెట్టాలన్న ప్రశ్నను వేరేగా వేసుకున్నాను. ఎంతొస్తే సంతోషం అని కాదు, ఎంతకన్నా తక్కువైతే కారును మళ్లీ ఇంటికి తెచ్చుకోవడమే నయం అని. జవాబు 80. మొదటాయన చెప్పిన అంకే. ఆయనకు ఫోన్ చేసి చెప్పాలనిపించింది కానీ సిగ్గేసి మానేశాను.

ఆరో రోజుకు పాట 71. ఏడో రోజు చివరి గంటలో 77 దగ్గర ఆగిపోయింది. పక్కన "రిజర్వ్ చేరలేదు" అన్న మాట వెలుగుతూనే ఉంది. టెన్షన్‌తో కుర్చీలో కూర్చోలేకపోయాను. రిజర్వ్ తీసేస్తే చూస్తూ ఊరుకున్నవాళ్లు కూడా కదులుతారని సంస్థవాళ్లు సందేశం పంపారు. కదలకపోతే 77కి కారు పోతుంది. 80కి తగ్గిన ఆ మూడు కోసం మళ్లీ బ్యాటరీ, బీమా, ఇంకో వేలం భరించే ఓపిక నాకుందా అని ఆలోచించాను. లేదు. తీసేయమన్నాను.

"రిజర్వ్ లేదు" అని మారిన నాలుగు నిమిషాలకు 79 వచ్చింది. అప్పటిదాకా ఒక్కసారీ పాడని ఒకాయన 80 అన్నాడు. గడియారం ఐదుసార్లు రెండు నిమిషాలకు తిరిగింది. చివరికి 85.

ఇక్కడ అమ్మేవాడికి కమీషన్ లేదు. 85లోంచి మొదటి వేలానికి కట్టిన ప్రవేశ రుసుము, కారును తీసుకెళ్లి తెచ్చిన రవాణా, ఐదు నెలల బీమా, కొత్త బ్యాటరీ తీసేస్తే మిగిలింది 79. ఆ రోజు ఫోన్‌లో వద్దన్నది దాదాపు 80. ఈ లెక్క మా బావమరిదికి ఇంకా చూపించలేదు.

కొన్నాయన కారు తీసుకెళ్లడానికి వచ్చాడు. ఆయనకిది మొదటి పోర్షా. రసీదుల ఫైలు తెరిచి మొదట బేరింగ్ కాగితమే వెతికాడు. తర్వాత సీట్లో కూర్చుని తాళంచెవి పట్టుకుని, అది పెట్టే చోటు కోసం స్టీరింగ్ పక్కన తడుముతూ నా వైపు చూశాడు. "అటు కాదండీ, పోర్షాకి తలుపు వైపు" అన్నాను.