భీమిలి కంటే ముందు బ్యాటరీ

విశాఖలో దిగిన మర్నాడు పొద్దున్నే బాబాయ్ కారులో భీమిలి వెళ్దామనుకున్నాం. ఎంవీపీ కాలనీలో ఇంటి ముందు కారు తళతళలాడుతోంది కానీ, తాళం తిప్పితే టిక్కుటిక్కు తప్ప ఇంకో చప్పుడు లేదు. పిన్నీ బాబాయ్ నెలల తరబడి అమెరికాలో కూతురి దగ్గర ఉండి వచ్చారు. బండి కదలకపోయినా గడియారం, అలారం లాంటివి కొద్దికొద్దిగా కరెంటు లాగుతూనే ఉంటాయి. బ్యాటరీకి మీటరు పెడితే 11.4 వోల్టులు చూపించింది. నిండుగా ఉంటే 12.6 దాకా ఉండాలి.

"మెకానిక్‌ని పిలుద్దామా బాబాయ్?"

"ఎందుకురా, మన ఛార్జర్ ఉండగా!" అంటూ అటక మీంచి దింపించారు. ఎలక్ట్రికల్ పనిలోనే రిటైరైన మనిషి, అడ్డుచెప్పడం దండగ.

బానెట్ ఎత్తితే ప్లస్ టెర్మినల్ మీద తెలుపూ నీలమూ కలిసిన పొడి పేరుకుని ఉంది. యాసిడ్ ఆవిరికి ఈ ఊరి ఉప్పుగాలి తోడైతే అంతేనట. కళ్లజోడు, గ్లవ్స్ పెట్టుకుని ముందు మైనస్ వైరు ఊడదీశారు. ముందే ప్లస్ విప్పబోతే, పొరపాటున స్పానర్ బాడీకి తగిలిందా, నిప్పురవ్వలే. వంటసోడా కలిపిన వేడినీళ్లతో రుద్దితే ఆ పొడి బుసబుసా పొంగి కరిగిపోయింది.

బ్యాటరీని ఒరగకుండా మోసుకొచ్చి వరండాలో పెట్టాం. మూతలు తీసి చూస్తే ఒక గదిలో ప్లేట్లు పైకి తేలాయి. అవి మునిగేవరకే డిస్టిల్డ్ వాటర్ పోశారు, ఛార్జింగ్‌లో మట్టం పెరుగుతుంది కాబట్టి. సరిగ్గా అప్పుడే పిన్ని తులసికోట దగ్గర అగ్గిపుల్ల గీయబోయింది.

"ఆగవే! దీపం లోపల దేవుడి దగ్గర పెట్టుకో."

ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. వరండాలో పెట్టిందీ అందుకే.

35 ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే కొలత) బ్యాటరీకి అందులో పదో వంతు, అంటే 3.5 ఆంపియర్లు చాలన్నారు. ప్లస్‌కి ఎర్ర క్లిప్పు, మైనస్‌కి నల్ల క్లిప్పు తగిలించాకే స్విచ్ వేశారు. తీసేటప్పుడు ముందు స్విచ్ ఆపాలి. బ్యాటరీ గోరువెచ్చబడితే ఫర్వాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా, పొట్ట ఉబ్బినా ఆపెయ్యాల్సిందే. బాబాయ్ పేపరు పట్టుకుని అక్కడే కాపలా కూర్చున్నారు.

మధ్యాహ్నం నేనూ పిన్నీ ఆటోలో ఆర్కే బీచ్‌కి పోయి కుర్సురా జలాంతర్గామి చూశాం. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. నీటి అడుగున అది నడిచింది బ్యాటరీల మీదే. ఆ ఇరుకులో ఒంగి నడుస్తుంటే, ఇక్కడ ఛార్జింగ్ పెడితే వచ్చే హైడ్రోజన్‌తో సిబ్బంది ఎంత టెన్షన్ పడేవారో అనిపించింది. మన వరండాయే నయం.

రాత్రికి ఛార్జర్‌లో పచ్చలైటు వెలిగింది. తెల్లారాక మీటరు 12.6 చూపించింది. ఈసారి ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగించాం. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది.

రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు దాటి భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసేచోటు చేరాం. బాబాయ్ ఇంజన్ ఆపనంటారు. "ఆపండి, ఆగిపోతే ఆటో ఎక్కుదాం" అంది పిన్ని. ఆపి, తాటిముంజలు తిని, డచ్చివాళ్ల సమాధులు చూసొచ్చినా బండి మొరాయించలేదు.

తిరుగుదారిలో ఒక షాపులో బ్యాటరీకి లోడ్ టెస్ట్ చేయించాం, అంటే ఎక్కువ కరెంటు లాగితే ఎంత తట్టుకుంటుందో చూడటం. పాతబడింది, వానలు పడేలోగా మార్చేయమన్నాడతను. బాబాయ్ మాత్రం దసరా దాకా లాగిద్దామంటున్నారు.