ఆవుకి ‘ఆమ’ అని రాసిన గుంటడు

ఆవు బొమ్మ కింద వాడు ‘ఆమ’ అని రాసుకొచ్చాడు. పలక నా చేతికిచ్చి, రైటు కొడతానని ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

నేను ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగేళ్ళు. ఆ పలక తుడిచేసి, ‘ఆవు’ అని నేనే రాసిచ్చి, పదిసార్లు దిద్దమన్నాను. పదిసార్లూ దిద్దాడు. మర్నాడు డిక్టేషన్ చెబితే మళ్ళీ ‘ఆమ’. ఈసారి గట్టిగా కేకలేశాను. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు దిగమింగుకుంటూ, ‘మీరే కదేటి టీచర్ సెప్పేరు, కొమ్ము పక్కనెట్టాలని’ అన్నాడు.

అని ఊరుకోలేదు. పలక మీద రాసి చూపించాడు. క పక్కన కొమ్ము పెడితే కు. త పక్కన పెడితే తు. న పక్కన పెడితే ను. మరి వ పక్కన పెడితే? మీరూ ఒక కాగితం తీసుకుని రాసి చూడండి. అచ్చం మ వస్తుంది.

తెలుగులో పు, ఫు, వు అనే మూడింటికీ కొమ్ము పక్కన కాకుండా కిందికి దిగి ఉంటుంది. ఆ అక్షరాలు నేను చిన్నప్పటి నుంచి కొన్ని వేలసార్లు రాసి ఉంటాను. చేతికి తెలుసు కానీ, వాటి కొమ్ము మిగతావాటి కొమ్ములా ఉండదని నా కంటికి ఒక్కసారి కూడా ఆనలేదు. వాడికి ఆనింది. ఆరేళ్ళ పిల్లవాడు నేను చెప్పిన మాటను పొల్లు పోకుండా పాటిస్తే, నేను వాణ్ణి అందరి ముందూ కేకలేశాను. ఆ సాయంత్రం బస్సులో ఇంటికి వెళ్తూ ఎంత బాధపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

ఇది జరిగి పద్నాలుగేళ్ళయింది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పలాస చుట్టుపక్కల ఊళ్ళలోనే నా సర్వీసంతా. కొత్తగా ఉద్యోగం వచ్చిన మా పక్క ఊరి టీచరమ్మ మొన్న ఫోన్ చేసి, ‘అక్కా, ఒకటో తరగతి పిల్లలకి ముందు ఏం చెప్పమంటారు’ అని అడిగింది. అక్షరాలు ముందా, పదాలు ముందా అని తన సందేహం. రెండు దారుల్లోనూ పిల్లలకి చదువు రావడం చూశాను కాబట్టి దానికి నా దగ్గర గట్టి జవాబు లేదు. నేను చేసేది ఒకటే. తప్పు కనబడగానే చెయ్యి ఆపుకుని, ‘ఇదెలా వచ్చింది నాన్నా?’ అని అడుగుతాను. చెప్పిందాకా వింటాను.

తప్పు చేసినప్పుడే అడిగితే మాత్రం పని జరగదు. వారం తిరిగేసరికి పిల్లలు కనిపెట్టేస్తారు, టీచర్ ‘ఎలా వచ్చింది’ అందంటే తప్పు రాశామని. నోరు మూసుకుని వెంటనే తుడిచేస్తారు. అందుకే ఒప్పు రాసినవాణ్ణి కూడా అడుగుతాను. నిజానికి ఒప్పుల వెనకే విచిత్రాలు ఎక్కువ. నాలుగో ఎక్కం సగం దాకా కూడా అప్పజెప్పలేని ఒక పిల్ల, ఏడు నాలుగులు ఎంతంటే ఠక్కున ఇరవై ఎనిమిది అంది. ఎలా అంటే, ‘ఏడు పుంజీలు కదా టీచర్’ అంది. వాళ్ళ మామ్మ జీడిపిక్కలు నాలుగేసి చొప్పున, ఒక పుంజీ, రెండు పుంజీలు అంటూ లెక్కపెడుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. పాతిక పుంజీలైతే వంద అని కూడా తెలుసు. ఆ పిల్లకి ఎక్కం రాదని ప్రోగ్రెస్ కార్డులో రాసింది నేనే.

జీడిపిక్కలు మా బడిలో ఎప్పుడూ ఉంటాయి. పిల్లలు తెచ్చి పోస్తారు. పెంకు పగిలితే జీడి అంటుకుని చర్మం పొక్కుతుందని వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ తెలుసు. పదేసి పిక్కలు పాత చీర గుడ్డలో కట్టి మూటలు చేశాం. తీసివేతలన్నీ ఆ మూటలతోనే.

తీసివేత దగ్గర కూడా ‘మీరే సెప్పేరు’ అన్న మాట ఎదురైంది. 52లోంచి 27 తీసెయ్యమంటే మూడో తరగతిలో ఏడుగురు 35 వేశారు. ఒకణ్ణి పిలిచి అడిగితే, ‘రెండులోంచి ఏడు పోదు కదా, అందుకే ఏడులోంచి రెండు తీసేను. పెద్దదాంట్లోంచే సిన్నది తియ్యాలని మీరు సెప్పేరు’ అన్నాడు. చెప్పాను, నిజమే. ఒకటో తరగతిలో చెప్పాను. అప్పటికి అది వాళ్ళకి సరిపోయిన మాట. రెండంకెల లెక్క వచ్చేసరికి అదే అడ్డం తిరిగింది.

మామూలుగా ఇక్కడ ‘పక్కింట్లో ఒకటి అప్పు తెచ్చుకో’ అంటాం. మా మేస్టారు నాకు అలాగే చెప్పారు, నేనూ పదేళ్ళు అలాగే చెప్పాను. ఒక పిల్ల లేచి, ‘టీచర్, ఆ అప్పు మళ్ళీ ఎప్పుడు తీరుస్తాం?’ అని అడిగింది. తోట కౌలుకి అప్పు తెచ్చి, పిక్కలు అమ్మితే తప్ప అది తీరని ఇంట్లో పిల్ల. బస్తా అంటే 80 కిలోలని, ఆ ఏడాది బస్తా ధర ఎంతో పైసలతో సహా తెలిసిన పిల్ల. అప్పు తెచ్చి తిరిగివ్వకపోవడం తనకి అస్సలు మింగుడుపడలేదు. ఆ రోజు నుంచి అప్పు అనే మాట మానేశాను. ‘మూట విప్పుదాం’ అంటాను. ఐదు మూటలు, రెండు విడి పిక్కలు. ఏడు కావాలి, చేతిలో ఉన్నవి రెండే. ఒక మూట విప్పితే విడివి పన్నెండు అవుతాయి, మూటలు నాలుగు మిగులుతాయి. ఎవరికీ ఏమీ బాకీ లేదు. గుడ్డ ముడి విప్పేటప్పుడు వాళ్ళ చిన్న వేళ్ళు పడే అవస్థ చూస్తే, పదిని పది ఒకట్లుగా మార్చడమంటే ఏమిటో ఆ వేళ్ళకే ముందు తెలుస్తోందనిపిస్తుంది.

నూట ఐదు రాయమంటే 1005 అని రాసేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్ళు విన్నది విన్నట్టే రాస్తున్నారు, నూటకి 100, దాని పక్కన 5. దీనికి పాత శుభలేఖలు బాగా పనికొస్తాయి. అట్ట మందంగా ఉంటుంది. 100 అని వెడల్పుగా ఒక ముక్క మీద రాసి, 5 అని చిన్న ముక్క మీద రాసి, ఆ చిన్నముక్కని చివరి సున్నా మీద కూర్చోబెట్టమంటాను. సున్నా కనబడకుండా పోతుంది, 105 అవుతుంది. ముక్క ఎత్తితే కింద సున్నా అలాగే ఉంటుంది. ఎత్తడం, పెట్టడం, మళ్ళీ ఎత్తి చూడడం వాళ్ళకి ఎంతసేపైనా విసుగు రాదు.

మాట గురించి కూడా చెప్పాలి. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటోకి మా బడిలో దండ వేస్తాం. ఆయన మా జిల్లా మనిషి. పర్లాకిమిడిలో ఉండగా సవర గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పించడానికి వాచకాలు రాసిన మనిషి. ఆ దండ వేసిన చేత్తోనే నేను అదే పూట, ‘సెట్టు ఏంటి, చెట్టు అను’ అని పిల్లల్ని గదమాయించేదాన్ని. అన్నన్నిసార్లు గదమాయిస్తే ఏమైందంటే, వాళ్ళు మాట్లాడడమే మానేశారు. ఇప్పుడు బోర్డు మీద నిలువుగా గీత గీస్తాం. ఒక పక్క ఇంటి మాట, రెండో పక్క పుస్తకం మాట. సెట్టు, చెట్టు. ఏటి, ఏమిటి. అలగ, అలా. ఇంటి మాట పక్క రాసింది ఏదీ తుడవను. నోట్సులో సెట్టు అని రాసినవాడు చెవికి వినబడింది సరిగ్గానే రాశాడు కదా. వాడికి నేర్పాల్సింది రెండో మాట, అంతే.

ఇదంతా చెబితే ఆ టీచరమ్మ, ‘అంత టైమెక్కడిదక్కా’ అంది. ఆమె బాధ నాకు తెలుసు. ఇద్దరం టీచర్లం, అయిదు తరగతులు, మధ్యలో భోజనం లెక్కలు, ఫోన్లో అటెండెన్సులు, ఫొటోలు. రోజుకి అందర్నీ అడగలేను. ఇద్దరిని అడుగుతాను, ఒక్కోరోజు ఒక్కరినే. 2021లో నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం వచ్చినప్పుడు మూడో తరగతికల్లా ప్రతి బిడ్డకీ చదివి అర్థం చేసుకోవడం, లెక్క చెయ్యడం రావాలన్నారు. ఆ మాటతో నాకు పేచీ లేదు, మనసారా ఒప్పుకుంటాను. కానీ మేం నింపే పట్టికల్లో వచ్చిందా, రాలేదా అనే గడులే ఉన్నాయి. ఎందుకు రాలేదో రాసే గడి లేదు. అందుకని రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటి నేనే పెట్టుకున్నాను. తేదీ వేసి, బిడ్డ రాసిన తప్పు ఉన్నదున్నట్టు ఎక్కించి, దాని కింద వాళ్ళు చెప్పిన కారణం వాళ్ళ మాటల్లోనే రాస్తాను. ఇప్పుడు నడుస్తున్నది ఆరో పుస్తకం.

కారణం ఎప్పుడూ అక్షరంలోనే, అంకెలోనే ఉండదు. బాగా చదివే ఒక పిల్ల రెండు వారాలపాటు నోట్సు తెల్లగా ఇచ్చింది. ఏమీ రాయలేదు. నేను కూడా వెంటనే అడగలేదు, బద్ధకమనుకున్నాను. తర్వాత తెలిసింది. వాళ్ళ నాన్నకి డయాలసిస్ మొదలైంది. వాళ్ళమ్మ ఆయన్ని తీసుకుని తెల్లవారుజామునే బయల్దేరితే, ఈ పిల్ల లేచి తమ్ముడికి వండిపెట్టి బడికొస్తోంది. మా వైపు కిడ్నీ జబ్బు తెలియని ఊరు లేదు. అయినా నాకు తట్టలేదు. ఆ పిల్లని మధ్యాహ్నం బియ్యం బస్తాల గదిలో చాప మీద గంటసేపు పడుకోనిచ్చాను. వారం అలా పడుకుంది. చదువు గురించి ఆ వారం ఒక్క మాట అనలేదు.

ఈ ఏడాది ఒకటో తరగతిలో ఒక పిల్ల ఏ అక్షరానికీ తలకట్టు పెట్టడం లేదు. క, త, మ, ర అన్నీ బోడిగానే రాస్తుంది. రాదా అంటే వచ్చు, తన పేరు రాసుకునేటప్పుడు మాత్రం ప్రతి అక్షరానికీ ముచ్చటగా తలకట్టు పెడుతుంది. రెండుసార్లు అడిగాను. మొదటిసారి తల దించేసుకుంది. రెండోసారి నా చీర కొంగు పట్టుకుని నవ్వింది, చెప్పలేదు. నోట్‌బుక్‌లో తేదీ వేసి, తన అక్షరాలు ఎక్కించి, కింద రెండు గీతల చోటు వదిలిపెట్టాను. సోమవారం మూటలు కట్టడానికి నా పక్కన కూర్చోబెట్టుకుంటాను. చేతులు పనిలో పడితే అప్పుడు చెబుతుందేమో చూడాలి.