కోపం తాతయ్యకి రాలేదు, నాకొచ్చింది

వీడియో కాల్‌లో మా నాన్న ఏదో మాటల సందర్భంలో, బరువైన వస్తువే ముందు కింద పడుతుందని అన్నారు. మా అమ్మాయి వెంటనే అందుకుంది. "నువ్వు చేసి చూశావా తాతయ్యా?"

దానికి ఎనిమిదేళ్లు. ఆ గొంతులో వెటకారమేమీ లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. "పెద్దవాళ్లతో అలాగేనా మాట్లాడేది?" అని పక్కనుంచి కసిరాను.

నాన్న నాకంటే నయం. లేచి వెళ్లి ఒక లావుపాటి పుస్తకం, ఒక కాగితం తెచ్చి, కెమెరా ముందు రెండూ ఒకేసారి వదిలారు. పుస్తకం దబ్బున పడింది. కాగితం ఊగుతూ ఊగుతూ తీరిగ్గా దిగింది. "చూశావా మరి?" అన్నారు గెలిచినట్టు. ఇది కాసేపు ఆలోచించి, అదే కాగితాన్ని ఉండ చుట్టి మళ్లీ వదలమంది. ఈసారి రెండూ దాదాపు కలిసే పడ్డాయి. కాగితం బరువు అంతే ఉంది, ఆకారమే మారింది. అంటే ఇందాక ఆలస్యం చేసింది గాలి అన్నమాట. నేనూరుకోలేక, 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చందమామ మీద సుత్తినీ ఈకనీ ఒకేసారి వదిలితే, అక్కడ గాలి లేదు కాబట్టి రెండూ కలిసే పడ్డాయని మొదలుపెట్టాను. ఎవరూ వినలేదు. తాతా మనవరాలూ అప్పటికే దువ్వెనల్లోకి, చెప్పుల్లోకి దిగిపోయారు.

కాల్ అయ్యాక దానికి క్లాసు పీకాను. "స్కూల్లో అలాగే అడగమంటారు కదమ్మా. తాతయ్యకేం కోపం రాలేదు, నీకే వచ్చింది" అంది.

వీళ్ల టీచరు ఏ ప్రయోగానికైనా ముందు ఏమవుతుందో ఊహించి రాయమంటారు. తర్వాత చేసి చూస్తారు. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి. ఊహ తప్పితే మార్కులేమీ పోవు. నేను చదివిన సైన్స్ ఇది కాదు, నిర్వచనం అప్పజెప్పడం, బొమ్మ గీసి భాగాలు గుర్తించడం. అందుకేనేమో, తోటి తల్లిదండ్రులు కలిసినప్పుడు "పిల్లలకి జవాబు చెప్పెయ్యకండి, నువ్వేమనుకుంటున్నావని అడగండి" అని గొప్పగా సలహాలిస్తాను. ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం "ఎముకలెన్నో చెప్పమ్మా" అంటాను. 206 అని అది చెబితే నాకదో తృప్తి. పుట్టినప్పుడు అంతకంటే ఎక్కువే ఉంటాయి, ఎదిగే కొద్దీ కొన్ని అతుక్కుపోతాయి. అసలు ఆసక్తికరమైన సంగతి అదీ. దాని గురించి నన్నెవరూ అడగలేదు, నేనూ మా అమ్మాయిని అడగలేదు.

ఇంట్లో తెలుగే మాట్లాడాలన్న రూల్ కూడా నాదే. పళ్లెంలో పోసిన నీళ్లు సాయంత్రానికి ఎటుపోయాయో స్కూలు భాషలో గబగబా చెప్పుకొస్తుంటే "తెలుగులో చెప్పు" అని అడ్డం పడతాను. సగంలో ఆపేసి లేచిపోతుంది. అయినా రూల్ సడలించను. సడలిస్తే రేపు తాతయ్యతో ఏ భాషలో వాదిస్తుంది?

అన్నీ పిల్లలంతట వాళ్లే కనుక్కోవాలంటే కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. రెండు కప్పుల్లో చిక్కుడు గింజలు వేసి ఒకటి కిటికీ దగ్గర, ఒకటి అల్మరాలో పెట్టింది. అల్మరాలోదే పొడుగ్గా పెరిగింది. "మొక్కలకి చీకటే మంచిది" అని రాసుకుంది. చూసింది చూసినట్టే రాసింది, తప్పు పట్టడానికేముంది? 17వ శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్తది కూడా ఇదే కథ. ఎండబెట్టి తూచిన 200 పౌన్ల మట్టిలో విల్లో మొక్క నాటి, ఐదేళ్లపాటు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 164 పౌన్లు పెరిగింది, మట్టి తగ్గింది రెండు ఔన్సులు. చెట్టంతా నీళ్లలోంచే వచ్చిందని తేల్చేశాడు. వాయువుల మీద అంత పనిచేసిన మనిషికి, మొక్క గాలిని కూడా తింటుందన్నది తట్టలేదు. మరి ఎనిమిదేళ్ల పిల్ల అల్మరా ముందు నిలబడి ఏం కనుక్కుంటుంది? ఎవరో ఒకరు చెప్పాలిగా. ఎప్పుడు చెప్పాలన్నదే నాకు అంతుపట్టదు.

"రెండింటి రంగూ చూశావా?" అని మాత్రం అడిగాను. వెళ్లి చూసింది. అల్మరాలోది పాలిపోయిన పసుపు, కాడ దారంలా సన్నగా ఉండి ఒక పక్కకి వాలిపోతోంది. వెలుతురు కోసం అది సాగుతోందనీ, గింజలో దాచుకున్న తిండి ఉన్నంతవరకే ఆ పొడుగనీ కూడా ఆగలేక చెప్పేశాను. ఓపిగ్గా విని, "సరే, అయిపోయేదాకా అక్కడే ఉంచి చూస్తా" అంది.

ఇప్పుడు నా టెన్షన్ ఆ మొక్కది. చచ్చిపోతే ఏడుస్తుందేమో. స్కూలుకి వెళ్లాక తీసి కిటికీ దగ్గర పెట్టి, సాయంత్రం మళ్లీ అల్మరాలోకి చేరుద్దామా అని నిన్నటి నుంచీ అనుకుంటున్నాను. అలా చేస్తే దాని లెక్కంతా తారుమారవుతుంది, తెలుసు. అల్మరా తలుపు దగ్గరికి వెళ్లి వస్తూనే ఉన్నాను.